గుండె మార్పిడికి ముందు పొట్ట ఆపరేషన్: తట్టుకుంటారా, ఎక్కడ చేయించాలి?

ప్రశ్న: మాది ఆదోని. మా ఆయన వయసు 46, ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 118 కిలోలు. గుండె కండరం సాగిపోయి బలహీనపడిందని, డైలేటెడ్ కార్డియోమయోపతి అని చెప్పారు. గుండె ఒక్కో దెబ్బకు బయటికి తోసే రక్తం శాతం, ఈఎఫ్ అంటారట, 20 ఉంది. గుండె లయ తప్పితే షాక్ ఇచ్చే ఐసీడీ పరికరం పెట్టారు. ఈ ఏడాదిలో రెండుసార్లు ఆయాసంతో అడ్మిట్ చేశాం. గుండె మార్పిడి ఒక్కటే దారని హైదరాబాద్ డాక్టర్లు అంటున్నారు. కానీ బీఎంఐ (ఎత్తునుబట్టి బరువు లెక్క) 35 లోపుకు వస్తేనే పేరు జాబితాలో చేరుస్తామని, అందుకోసం బరువు తగ్గే సర్జరీ చేయించుకోమని చెప్పారు. పది అడుగులు వేస్తే రొప్పే మనిషికి మత్తిచ్చి పొట్ట కోస్తే ఏమైపోతాడోనని మా అత్తమ్మ ఒకటే ఏడుపు. ఉపవాసాలుంటే తగ్గుతాడని మా మరిది అంటాడు, ఇంజెక్షన్లు కూడా వచ్చాయంటాడు. దగ్గర్లోని ఒక బరువు తగ్గించే సెంటర్‌లో అడిగితే తక్కువలోనే చేస్తామన్నారు. మాకు దారి చెప్పండి.
– ఒక సోదరి

జవాబు: అమ్మా, మీ అత్తమ్మ భయంలో అర్థముంది. ఈఎఫ్ 20 ఉన్నవాళ్లకు ఏ ఆపరేషన్ అయినా మామూలు వాళ్లకన్నా ప్రమాదమే. అలాగని గుండె బలహీనంగా ఉంటే ఈ సర్జరీ చేయకూడదన్న నియమం లేదు. అవయవ మార్పిడికి అర్హత తెచ్చే మెట్టుగా దీన్ని వాడుకోవచ్చని అమెరికా బేరియాట్రిక్ (బరువు తగ్గించే) సర్జన్ల సంఘం, అంతర్జాతీయ ఊబకాయ సర్జరీ సమాఖ్య కలిసి 2022లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. కాబట్టి మీరు తేల్చుకోవాల్సింది ఎక్కడ చేయించాలి, ఏది ముందు ఏది వెనక అన్న సంగతి. గుండె మార్పిడి చేసే ఆసుపత్రిలోనే, ఆ గుండె బృందం కనుసన్నల్లోనే చేయించండి. దగ్గర్లోని సెంటర్ మాట మరిచిపోండి. ఆపరేషన్ అయ్యాక ఇంట్లో గడిపే మొదటి ఆరు వారాల్లో ఎక్కువ భారం మీ మీదే పడుతుంది. అందుకే ఆ భాగాన్ని కాస్త విడమరచి రాస్తున్నాం.

ముందు బరువు లెక్క చూద్దాం. 168 సెంటీమీటర్ల మనిషికి బీఎంఐ 35 అంటే సుమారు 99 కిలోలు. ఇప్పుడున్న 118 కిలోలకు బీఎంఐ 42 దగ్గర ఉంది. అంటే 19 కిలోలు తగ్గాలి. అయితే గుండె వైఫల్యం ఉన్న మనిషి బరువులో కొంత కొవ్వు, కొంత నీరు. కాళ్ల వాపు, పొట్టలో నీరు, ఊపిరితిత్తుల్లో చెమ్మ కలిసి ఐదారు కిలోలు ఉండటం అరుదేమీ కాదు. ఆ నీటిని ఇంజెక్షన్లతో తీసేశాక మిగిలేదాన్ని పొడి బరువు అంటారు. మీవారి పొడి బరువు 112 అని తేలితే, నిజంగా కరగాల్సింది 13 కిలోలే. అందుకే ఏ లెక్కైనా పొడి బరువు మీదే వేయించండి. నీరు నిండి ఉన్నప్పుడు ఆపరేషన్ బల్ల ఎక్కించడం ఎలాగూ ప్రమాదం, కనుక ముందు అడ్మిట్ చేసి నీరు లాగడం అన్నిటికన్నా మొదటి పని.

ఈ 35 ఎక్కడ నుంచి వచ్చిందంటే, అంతర్జాతీయ గుండె, ఊపిరితిత్తుల మార్పిడి సంఘం 2016లో ఇచ్చిన ప్రమాణాల నుంచి. బరువు అంతకు మించిన వాళ్లలో మార్పిడి తర్వాత ఫలితాలు తగ్గుతున్నాయని, ముందు తగ్గించుకోమని అందులో చెప్పారు. భారీ శరీరానికి చిన్న దాత గుండె సరిపోదు, సరిపడేది దొరికేదాకా నిరీక్షణ పెరుగుతుంది. కోత మానడం ఆలస్యమై ఇన్ఫెక్షన్లు వస్తాయి. మార్పిడి తర్వాత వాడే స్టెరాయిడ్లు బరువునూ షుగరునూ ఇంకా పెంచుతాయి. ఈ చివరి కారణం వల్లే సరిగ్గా 99 దగ్గర ఆగిపోకుండా 90 దాకా దిగడం మంచిది. కొన్ని ఆసుపత్రులు ఈ గీతను కాస్త అటూ ఇటూ జరుపుతాయి. అందుకే బీఎంఐ అంకె కాకుండా ఎన్ని కిలోలకు వస్తే పేరు చేరుస్తారో కాగితం మీద రాయించుకోండి.

ఇంకో ప్రశ్న కూడా రాతపూర్వకంగానే అడగండి: బరువు పక్కన పెడితే, మార్పిడికి ఇంకేమైనా అడ్డు ఉందా? పొట్ట ఆపరేషన్ చేయించుకుని, నెలల తరబడి కష్టపడి బరువు దించాక, వేరే కారణంతో పేరు చేర్చలేమని అనిపించుకోవడం కన్నా దారుణం ఉండదు. ఎక్కువగా ఎదురయ్యే అడ్డంకి ఊపిరితిత్తుల రక్తనాళాల్లో పీడనం. ఏళ్ల తరబడి ఎడమ గుండె సరిగ్గా పంప్ చేయకపోతే రక్తం వెనక్కి తన్ని అక్కడ పీడనం పెరుగుతుంది. మీవారి పాత గుండె కుడి భాగం మెల్లమెల్లగా దానికి అలవాటు పడి ఉంటుంది. కొత్తగా అమర్చే గుండెకు ఆ అలవాటు ఉండదు, మొదటి గంటల్లోనే దాని కుడి భాగం చేతులెత్తేయవచ్చు. దీన్ని కొలవడానికి మెడ దగ్గరి సిర నుంచి సన్నటి గొట్టం పంపి రైట్ హార్ట్ క్యాథ్ అనే పరీక్ష చేస్తారు. అందులో వచ్చే నిరోధం విలువ వుడ్ యూనిట్లలో ఉంటుంది. 3 దాటితే డాక్టర్లు ఆలోచనలో పడతారు. 5 దాటి, మందులు ఇచ్చినా దిగకపోతే మార్పిడికి పెద్ద అడ్డే. ఈ పరీక్ష పొట్ట ఆపరేషన్‌కు ముందే అయిపోవాలి. నిజానికి మత్తు డాక్టరుకూ ఈ అంకెలు కావాలి.

ఆ పీడనం పెరగడానికి గురక జబ్బు కూడా ఒక కారణం. రాత్రి గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తున్నారా? స్లీప్ స్టడీ చేయించండి. ఉందని తేలితే, నిద్రలో గాలి ఒత్తిడితో ఊపిరి ఆగకుండా చూసే సీప్యాప్ మాస్కు ఆపరేషన్‌కు కొన్ని వారాల ముందు నుంచే రోజూ వాడాలి. ఆపరేషన్ అయిన రాత్రి ఐసీయూలో కూడా అదే మాస్కు పెడతారు, కాబట్టి ముఖానికి సరిగ్గా అమరేది ముందే చూసుకోవాలి. కిడ్నీ పనితీరు, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), థైరాయిడ్, ఎండోస్కోపీ ఎలాగూ చేస్తారు. గుట్కా, ఖైనీ, బీడీ, మందు అలవాట్లలో ఏదున్నా ఈరోజే మానిపించండి. పొగాకు మాని ఆరు నెలలైతే తప్ప చాలా బృందాలు పేరు తీసుకోవు. రక్తంలో నికోటిన్ ఆనవాళ్లు పరీక్షిస్తారు, దాచడం కుదరదు.

ఇక మీ మరిది మాట. ఉపవాసాలతో ఈ స్థాయి బరువు దించడం ఈ గుండెతో సాధ్యం కాదు. నడక కుదరదు. తిండి మానేస్తే కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది. గుండె జబ్బులో కండ పోతే మార్పిడి తర్వాత మనిషి లేచి కూర్చోవడానికే నెలలు పడుతుంది. నీరు పోయే మాత్రలు వేసుకుంటూ ఉపవాసం ఉంటే బీపీ పడిపోయి, కిడ్నీలు దెబ్బతిని మళ్లీ ఆసుపత్రికే చేరతారు. యూట్యూబ్‌లో చూసి మొదలుపెట్టే కొవ్వు డైట్లకు ఇంకో ప్రమాదం తోడవుతుంది, దాని సంగతి కింద మాత్రల దగ్గర చెబుతాం.

ఇంజెక్షన్ల ప్రశ్న మాత్రం తీసిపారేసేది కాదు. టిర్జెపటైడ్, సెమాగ్లూటైడ్ రెండూ 2025లో బరువు తగ్గించే మందులుగా మన మార్కెట్లోకి వచ్చాయి. గుండె గట్టిపడి, ఈఎఫ్ మామూలుగానే ఉండే రకం వైఫల్యంలో అవి మేలు చేస్తున్నట్టు పెద్ద పరిశోధనలు చూపించాయి. ఈఎఫ్ బాగా పడిపోయి ఈమధ్యే అడ్మిట్ అయినవాళ్లలో ఆ భరోసా లేదు. ఇదే కుటుంబానికి చెందిన లిరాగ్లూటైడ్‌ను అలాంటి రోగుల్లో పరీక్షించిన అధ్యయనం 2016లో వెలువడింది, అందులో ప్రయోజనం కనపడలేదు. ఈ మందులు గుండె వేగాన్ని కొద్దిగా పెంచుతాయి కూడా. అయినా కొన్ని బృందాలు రోగిని బట్టి జాగ్రత్తగా వాడుతున్నాయి. మీ గుండె డాక్టరు రాసి, తానే కనిపెట్టుకుని చూస్తానంటే మొదలుపెట్టవచ్చు. మెడికల్ షాపులో అడిగి కొనడం వద్దు. ఇప్పటికే వాడుతుంటే మత్తు డాక్టరుకు తప్పకుండా చెప్పండి. ఈ మందు వల్ల తిన్నది పొట్టలో ఎక్కువసేపు నిలిచిపోతుంది, మత్తులో అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.

సర్జరీల్లో మీవారికి సాధారణంగా ఎంచుకునేది స్లీవ్. లాప్రోస్కోపీలో పొట్ట బయటి వంపు వెంబడి స్టేప్లర్‌తో కత్తిరించి, పొట్టలో నాలుగింట మూడొంతులు తీసేస్తారు. మిగిలింది అరటికాయ ఆకారంలో సన్నటి గొట్టం, అందులో పట్టేది 100 నుంచి 150 మిల్లీలీటర్లు. పేగుల జోలికి వెళ్లరు. బైపాస్ రకాల్లో పేగును దారి మళ్లిస్తారు కాబట్టి ఎక్కువ బరువు తగ్గవచ్చు కానీ ఆపరేషన్ సమయం పెరుగుతుంది, మందులు ఒంటికి పట్టడం మారిపోతుంది. రేపు కొత్త గుండెను కాపాడే టాక్రోలిమస్ రక్తంలో ఇంతే ఉండాలన్న కొలతతో నడుస్తుంది. అది ఒంటబట్టే దారిని ముందే గజిబిజి చేసుకోవడం ఎందుకు? అందుకే స్లీవ్ నయం. మొదటి మూడు నాలుగు నెలల్లోనే పొడి బరువులో పదోవంతుకు పైగా తగ్గడం మామూలుగా చూస్తాం, మీకు కావాల్సిన 13 కిలోలు ఆ లెక్కలోకే వస్తాయి. మత్తే తట్టుకోలేని స్థితి అయితే ఎండోస్కోపీతో పొట్టలో బెలూన్ పెట్టడమో, లోపలి నుంచే కుట్లు వేసి ముడవడమో చేస్తారు. వాటితో తగ్గేది తక్కువ. ఇంకా దిగజారిన స్థితిలో ముందు గుండెకు తోడుగా రక్తం తోసే ఎల్‌వ్యాడ్ పంపు అమర్చి, గుండె నిలకడగా ఉన్నాక స్లీవ్ చేసే పద్ధతీ ఉంది. ఆ పంపు ఖర్చు మన దేశంలో చాలా కుటుంబాలకు అందనిది.

చిన్న సెంటర్ ఎందుకు వద్దన్నామో ఇక్కడ చెప్పాలి. లాప్రోస్కోపీలో పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ ఎక్కించి ఉబ్బిస్తారు. మామూలు మనిషికి 12 నుంచి 15 మిల్లీమీటర్ల పీడనం పెడితే ఏమీ కాదు. బలహీన గుండెకు ఆ ఒత్తిడి రెండు వైపుల నుంచి కొడుతుంది. కింది నుంచి గుండెకు వచ్చే రక్తం తగ్గుతుంది, గుండె నుంచి బయటికి తోయాల్సిన బరువు పెరుగుతుంది. తల వైపు ఎత్తి బల్లను వంచినప్పుడు బీపీ ఇంకా జారుతుంది. అందుకే తక్కువ పీడనంతో, వీలైనంత త్వరగా ముగించాలి. చేతి ధమనిలో గొట్టం పెట్టి ప్రతి గుండె చప్పుడుకూ బీపీ చూడాలి, అన్నవాహిక గుండా ఎకో పెట్టి గుండె ఎలా కొట్టుకుంటోందో కనిపెట్టాలి. గుండె ఆపరేషన్లకు మత్తిచ్చే డాక్టరే ఉండాలి, గుండెకు ఆసరాగా బెలూన్ పంపు గానీ, గుండె, ఊపిరితిత్తుల పని చేసే ఎక్మో యంత్రం గానీ అందుబాటులో ఉండాలి. ఐసీడీ విషయంలోనూ జాగ్రత్త ఉంది: కోతకు వాడే కరెంటు పరికరాన్ని అది గుండె లయ తప్పడంగా పొరబడి షాక్ ఇవ్వవచ్చు. ఆపరేషన్‌కు ముందు దాని షాక్ పనిని ఆపి, అయ్యాక మళ్లీ ఆన్ చేయాలి. డిశ్చార్జి రోజున ఐసీడీ ఆన్ చేశారా అని మీరే నోరు తెరిచి అడగండి.

మాత్రల్లో మీరు గుర్తుపెట్టుకోవాల్సినది డాపాగ్లిఫ్లోజిన్ లేదా ఎంపాగ్లిఫ్లోజిన్. గుండె వైఫల్యంలో ఈమధ్య దాదాపు అందరికీ రాస్తున్నారు, షుగర్ లేకపోయినా. ఆపరేషన్‌కు కనీసం మూడు రోజుల ముందు దీన్ని ఆపాలి. ఆపరేషన్‌కు ముందు రెండు వారాలు కాలేయం కొవ్వు తగ్గడానికి 800 నుంచి 1000 కేలరీల ప్రోటీన్ ఆహారం పెడతారు, ఉబ్బిన కాలేయం పొట్టను కప్పేస్తే సర్జన్‌కు చోటుండదు. అన్నం, రొట్టె బాగా తగ్గిన ఆ రోజుల్లో ఈ మాత్ర కూడా సాగితే రక్తంలో కీటోన్ల ఆమ్లం పేరుకుపోతుంది. గ్లూకోమీటర్‌లో షుగర్ మామూలుగానే కనిపిస్తుంది, వాంతులు, రొప్పు, నీరసం ఉంటాయి. గుండె ఆయాసమనే అందరూ అనుకుంటారు. అందుకే ఆ రెండు వారాల డైట్ మొదలుపెట్టేనాడే ఈ మాత్ర సంగతి గుండె డాక్టరుతో తేల్చుకోండి. యూట్యూబ్ కొవ్వు డైట్లతో, మరిది చెప్పిన ఉపవాసాలతో ఉన్న ఇంకో ప్రమాదం కూడా ఇదే. రక్తం పలచబరిచే వార్ఫరిన్ వాడుతుంటే దాన్ని ఎప్పుడు ఆపాలో, దాని బదులు ఇంజెక్షన్ ఎప్పుడు మొదలుపెట్టాలో తేదీలతో రాయించుకోండి. తిండి తగ్గాక పాత మోతాదే ఎక్కువై రక్తం మరీ పలచబడుతుంది, కాబట్టి మొదటి నెలల్లో ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చెప్పే పరీక్ష) తరచుగా చూడాలి.

ఇప్పుడు ఇంటికి వచ్చాక.

బేరియాట్రిక్ డైటీషియన్ ఇచ్చే కాగితంలో రోజుకు రెండు లీటర్లు తాగాలని ఉంటుంది. గుండె డాక్టరు కాగితంలో లీటరున్నర దాటొద్దని ఉంటుంది. రెండూ అచ్చు కాగితాలే, రెండూ మీ చేతిలోనే ఉంటాయి. డిశ్చార్జికి ముందే ఇద్దరినీ ఒక చోట కూర్చోబెట్టి ఒక్క అంకె రాయించుకోండి. మామూలుగా 1.2 నుంచి 1.5 లీటర్ల మధ్య తేలుతుంది. కొత్త పొట్టలో ఒక్క గుక్కకు పట్టేది 30 మిల్లీలీటర్లు. పావుగంటకోసారి ఆ కొలత గ్లాసు ఇస్తే పన్నెండు గంటల్లో 1.4 లీటర్లు అవుతుంది. మజ్జిగ, పాలు, పప్పుకట్టు, మాత్ర మింగిన నీళ్లు అన్నీ ఈ లెక్కలోవే.

నీరు పోయే మాత్రల మోతాదు ఆపరేషన్‌కు ముందున్నట్టే కొనసాగితే మనిషి ఎండిపోతాడు. ఫ్యూరోసెమైడ్ అయినా టోర్సెమైడ్ అయినా, ముందు మూడు పూటలా తిని తాగిన ఒంటికి సరిపడా రాసినది. ఇప్పుడు లోపలికి వెళ్లేది సగం కూడా లేదు. పైగా కొవ్వు తగ్గుతుంటే బీపీ దానంతటదే దిగుతుంది. లేచి నిలబడితే కళ్లు తిరగడం, పైబీపీ 90 లోపు, మూత్రం తగ్గి రంగు ముదరడం కనిపిస్తే అదే రోజు ఫోన్ చేయండి. మోతాదు మీరుగా మార్చవద్దు. ఇంటికి వచ్చిన వారానికి ఒకసారి, రెండో వారం ఇంకోసారి, ఆ తర్వాత డాక్టరు చెప్పినట్టు క్రియాటినిన్, సోడియం, పొటాషియం చూపించాలి. ఈ రక్త పరీక్షలకు హైదరాబాద్ పోనక్కర్లేదు, ఆదోనిలోనో కర్నూలు పెద్దాసుపత్రిలోనో చేయించి రిపోర్టు ఫొటో పంపితే చాలు. వేసవి నడిమధ్య, మన దగ్గర 40 డిగ్రీలు దాటే నెలల్లో, ఈ ఆరు వారాలు పడకుండా తేదీ పెట్టుకోగలిగితే మంచిది. చెమటకు పోయే నీటిని ఈ పొట్టతో పూడ్చుకోలేం.

నీరసంగా ఉన్నారని ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కించే అలవాటు మన ఊళ్లలో అందరికీ ఉంది. ఈ మనిషికి అది వద్దే వద్దు. గుండె ఆ నీటిని మోయలేదు. గ్లూకోజ్ సీసాతో ఇంకో ప్రమాదం ఉంది. వారాల తరబడి తిండి తక్కువై, నీరు పోయే మాత్రలతో బీ1 విటమిన్ కూడా కొట్టుకుపోయి ఉంటుంది. ఆ స్థితిలో బీ1 ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతిని, చూపు రెండుగా కనపడటం, తూలడం, మతి తప్పడం జరగవచ్చు. బీ1 లోపం గుండెనూ మరింత దిగజారుస్తుంది. రెండు రోజులకు మించి వాంతులు అవుతుంటే పెద్ద ఆసుపత్రికి వెళ్లి, ముందు థయమిన్ (బీ1) ఇంజెక్షన్, ఆ తర్వాతే గ్లూకోజ్ అని చెప్పండి. ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ కూడా వద్దు. అది గుండెకు, కిడ్నీకి, కొత్త పొట్టకు మూడింటికీ చేటు. పారాసిటమాల్‌తో సరిపెట్టండి. ఓఆర్ఎస్‌లో ఉప్పు ఎక్కువ, కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. స్పైరోనోలాక్టోన్, సాకుబిట్రిల్-వల్సార్టాన్ వంటివి వేసుకునేవాళ్లకు కొబ్బరినీళ్లు గుండె లయకే ముప్పు తేవచ్చు.

తిండి వరస ఇలా. మొదటి రెండు వారాలు పలచటివే: ఉప్పు లేని మజ్జిగ తేట, వడగట్టిన పెసరకట్టు, వెన్న తీసిన పాలు, నీళ్లలో కలిపిన వే ప్రోటీన్. తర్వాతి రెండు వారాలు మిక్సీలో మెత్తగా చేసిన పప్పు, పెరుగు, గుడ్డు తెల్లసొన. ఐదో వారం నుంచి మెత్తటి పనీర్, చేప, ఉడికిన గుడ్డు, రెండు మూడు చెంచాల మెత్తటి అన్నం. ఏడెనిమిది వారాలకు మామూలు తిండి, చిన్న కప్పు కొలతలో. తినడానికీ తాగడానికీ మధ్య అరగంట ఎడం ఉండాలి.

రాగి సంగటి సంగతి విడిగా చెప్పాలి. సంగటి ముద్దను మనం నమలం, పులుసులో ముంచి మింగుతాం. ఆ మింగుడు స్లీవ్ అయినవాళ్లకు కుదరదు, ముద్ద గొంతు కింద గొట్టంలో ఇరుక్కుని నొప్పి, వాంతి. మూడు నెలలైనా ఆగి, శెనగగింజంత తుంచి నమిలి తినాలి. అప్పటిదాకా పలచటి రాగి జావ చాలు. ఎండు జొన్న రొట్టె కూడా అంతే. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ, ఓళిగలు ఈ ఏడాదికి పక్కన పెట్టేయండి. ఊరగాయలు, అప్పడాలు అసలే వద్దు. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక్క చిన్న చెంచా. అందులో చాలా భాగం ఊరగాయకే పోతే ఇక కూరలో ఏం వేస్తారు?

ప్రోటీన్ రోజుకు 60 నుంచి 80 గ్రాములు అందాలి. వే ప్రోటీన్ ఒక స్కూపు రెండు సగాలుగా ఇస్తే 24, రెండు గుడ్లు 12, వంద గ్రాముల పనీర్ 18, రెండు చిన్న కప్పుల పెరుగు 7, ఒక కప్పు గట్టి పప్పు 7 లేదా 8. మొత్తం 68 దాకా వస్తుంది. మొదటి వారాల్లో ఇంత పట్టదు, వే ప్రోటీన్ మీదే ఎక్కువ ఆధారపడాలి. కిడ్నీ దెబ్బతిని ఉంటే ఈ లెక్క కిడ్నీ డాక్టరు మారుస్తారు. మల్టీవిటమిన్, బీ1, బీ12, విటమిన్ డి, కాల్షియం సిట్రేట్ జీవితాంతం. కాల్షియాన్ని 500 మిల్లీగ్రాముల చొప్పున విడగొట్టి, ఐరన్ మాత్రకు రెండు గంటల ఎడంగా ఇవ్వాలి. ఆరు నెలలు అర్సోడియాక్సికోలిక్ యాసిడ్ కూడా రాస్తారు, త్వరగా బరువు తగ్గేవాళ్ల పిత్తాశయంలో రాళ్లు పడకుండా. మూడో నెలలో జుట్టు ఊడుతుంది, తర్వాత వస్తుంది, దానికి కంగారు పడకండి. నెమ్మదిగా విడుదలయ్యే మాత్రలను పొడి చేయకూడదు. మెటోప్రొలాల్ లాంటివి ఆ రకమైతే మొదటి వారాలకు మామూలు రకంలోకి మార్చమని అడగండి.

రోజూ ఉదయం తూకం చూసే అలవాటు మీకు ఉండే ఉంటుంది. ఆపరేషన్‌కు ముందు రోజులో కిలో పెరిగితే నీరు చేరిందని తెలిసిపోయేది. ఇప్పుడు తూకం మోసం చేస్తుంది. వారంలో మూడు కిలోల కొవ్వు, కండ తగ్గి, రెండు కిలోల నీరు చేరితే ముల్లు కిలో తగ్గినట్టే చూపిస్తుంది. ఇంట్లో అందరూ సంతోషిస్తారు, లోపల నీరు చేరుతూ ఉంటుంది. అందుకే తూకంతోపాటు కాలి మడమ పైన వేలితో నొక్కి గుంట పడుతోందా చూడండి, రాత్రి ఎన్ని దిండ్లు కావాలంటున్నారో రాసుకోండి. ఒక దిండు రెండైతే డాక్టరుకు చెప్పాల్సిన వార్తే.

అన్నిటికన్నా ప్రమాదకరమైన పొరపాటు ఇంకోటి ఉంది. స్టేపుల్ గీత వెంబడి చిన్న రంధ్రం పడి పొట్టలోని ద్రవం బయటికి కారడం నూటికి ఒకరిద్దరిలో జరుగుతుంది, ఎక్కువగా మొదటి రెండు వారాల్లో, పొట్ట పైకొన దగ్గర. మామూలు రోగికి గుండె వేగం 120 దాటి ఆ సంగతి చెప్పేస్తుంది. మీవారు గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ మీద ఉండే ఉంటారు, ఆ వేగం పెరగకపోవచ్చు. పైగా ఆయాసం వస్తుంది. ఊళ్లో డాక్టరు పాత కాగితాలు చూసి గుండె ఆయాసమే అనుకుని నీరు పోయే లేసిక్స్ ఇంజెక్షన్ ఇచ్చి పంపేస్తారు. ఎడమ భుజం నొప్పి, జ్వరం, పొట్టలో కొత్తగా నొప్పి, ఆయాసం, వీటిలో ఏది వచ్చినా ముందుగా సర్జన్‌కు ఫోన్ చేసి సీటీ స్కాన్ అడగండి. డిశ్చార్జి కాగితం మొదటి పేజీ మీద ఎర్ర సిరాతో ‘స్లీవ్ ఆపరేషన్ ఫలానా తేదీ’ అని రాసి, సర్జన్ నంబరు, గుండె డాక్టరు నంబరు పక్కపక్కనే పెట్టండి. మొదటి రెండు వారాలు హైదరాబాద్‌లోనే చుట్టాల ఇంట్లోనో అద్దె గదిలోనో ఉండిపోతే ఇంకా మంచిది. ఆదోని నుంచి అక్కడికి ఐదారు గంటల ప్రయాణం, ఈ రంధ్రానికి అంత ఓపిక ఉండదు.

డబ్బు విషయం. ఆరోగ్య బీమా ఉంటే, ఊబకాయ సర్జరీని మినహాయింపుల్లో పెడుతూనే, బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రామాణిక నిబంధనలో దానికి ఒక తలుపు తెరిచి ఉంచింది. డాక్టరు సలహా రాతలో ఉండి, 18 ఏళ్లు నిండి, బీఎంఐ 40 లేదా అంతకు మించి ఉంటే, లేదా 35 ఉండి ఊబకాయం వల్ల గుండె కండరం జబ్బు, తీవ్ర నిద్ర శ్వాస సమస్య, అదుపు కాని షుగర్ వంటివి ఉండి మామూలు పద్ధతులతో బరువు తగ్గకపోతే చెల్లించవచ్చు. అంటే గుండె డాక్టరు ఉత్తరం, డైటీషియన్‌తో చేసిన ప్రయత్నాల కాగితాలు, స్లీప్ స్టడీ రిపోర్టు ఒక ఫైలులో ఉండాలి, ముందస్తు అనుమతి తీసుకోవాలి. పాలసీ కొత్తదైతే పాత జబ్బుల నిరీక్షణ కాలం కూడా చూసుకోండి. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు మీద ఏది వర్తిస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర దగ్గర రెండు ఆపరేషన్ల పేర్లూ విడివిడిగా అడగండి. మిగిలిన దానికి ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు చేసేటప్పుడు ఆసుపత్రి ఇచ్చే అంచనా పత్రం అసలుది కావాలి.

బరువు 99 దిగగానే పేరు చేరదు. కోత మాని, తిండి, విటమిన్లు కుదుటపడి, మరోసారి క్యాథ్ చేసి పీడనం చూశాకే బృందం కూర్చుని నిర్ణయిస్తుంది. పొట్ట ఇంకా పచ్చిగా ఉన్నప్పుడు మార్పిడి జరిగి స్టెరాయిడ్లు మొదలైతే ఆ స్టేపుల్ గీత మానదు, అందుకే కొన్ని నెలల విరామం. ఈలోగా కొందరికి గుండె కొంత కోలుకుని మార్పిడి అవసరం వాయిదా పడిన సందర్భాలూ ఉన్నాయి. దాని మీద ఆశ పెట్టుకుని నమోదు ఆలస్యం చేయవద్దు.

నమోదు ఆసుపత్రి ద్వారానే, రాష్ట్ర ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో జరుగుతుంది. ఏ రాష్ట్రంలోనైనా పేరు నమోదు చేసుకోనివ్వాలని, స్థానికత ధ్రువపత్రం అడగొద్దని, నమోదుకు రుసుము తీసుకోవద్దని 2023 ఫిబ్రవరిలో కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు చెప్పింది. అవయవం కేటాయించే వరస మాత్రం రాష్ట్రానికో తీరు, మీ ఆసుపత్రి ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌ను అడిగి, బెంగళూరుతో పోల్చి చూసుకుని తేల్చుకోండి. దాత నుంచి తీసిన గుండెను దాదాపు నాలుగు గంటల్లో అమర్చి కొట్టుకునేలా చేయాలి. ఫోన్ వచ్చాక ఆదోనిలో బయలుదేరితే అందుకోలేరు. పేరు చేరిన రోజు నుంచి ఆసుపత్రికి గంట దూరంలో ఉండేలా చూసుకోండి. మార్పిడి అయ్యాక కూడా మొదటి మూడు నెలలు తరచుగా పరీక్షలుంటాయి కాబట్టి ఆ అద్దె ఇల్లు అప్పటికీ పనికొస్తుంది. పంటి చికిత్సలు, హెపటైటిస్ బీ, ఫ్లూ, న్యుమోనియా టీకాలు జాబితాకు ముందే పూర్తి చేయించండి. పేరు చేరాక జ్వరం వచ్చినా, పన్ను వాచినా, కాలి మీద పుండు లేచినా కోఆర్డినేటర్‌కు అదే రోజు చెప్పాలి. తగ్గేదాకా పేరును తాత్కాలికంగా పక్కన పెడతారు.